తెర మీద మామూ గొంతు

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో ముబీన్ రిపేరు షాపుకు ఎవరు వెళ్లినా, తమ పనేమిటో చెప్పుకునే లోపల ఆసిలోస్కోపు కథ వినాల్సిందే. అది అరచేతికి కాస్త పెద్దదిగా, పాతకాలపు లావుపాటి సెల్‌ఫోనులా ఉంటుంది. ఒక చిన్న రంగుల తెర, రెండు వైర్లు, పది పన్నెండు బటన్లు. ఇన్వర్టరు బాగుచేయించుకుందామని వచ్చిన రైతు చేతిలో కూడా దాన్ని పెట్టి, "చూడన్నా, కరెంటు కంటికి కనపడతాది" అని మొదలుపెట్టేవాడు. టెస్టరు కరెంటు ఉందో లేదో చెబుతుంది. మీటరు ఎంత ఉందో చెబుతుంది. ఇదైతే అది ఎలా ఎగసి ఎలా పడుతోందో గీత గీసి మరీ చూపిస్తుంది. రెప్పపాటులో వచ్చిపోయే తేడాను కూడా పట్టి తెర మీద నిలబెడుతుంది. ఒకేసారి రెండు చోట్ల చూస్తుంది, చూసినదాన్ని బొమ్మలా దాచుకుంటుంది. అన్నిటికీ మించి దీని లోపల బ్యాటరీ ఉంది కాబట్టి ప్లగ్గు అక్కర్లేదు, చెట్టు మీదికైనా చేను లోపలికైనా పట్టుకుపోవచ్చు. ఈ ముక్క చెప్పేటప్పుడు ముబీన్ నిజంగానే దాన్ని ప్యాంటు జేబులో దూర్చి, బయటికి తీసి చూపించేవాడు. చూపించి, తుడిచి, మళ్లీ బల్ల మీద దానికోసం పరిచిన గుడ్డ మీదే పెట్టేవాడు. కొన్నప్పటి నుంచి అది ఆ షాపు గడప దాటిన పాపాన పోలేదు.

ముబీన్‌ది ఉదయగిరి. తండ్రి చిన్నప్పుడే పోతే మేనమామ అల్లాబకాష్ ఇంట్లో పెరిగాడు. ఊరి చివర, చేలను ఆనుకుని ఉన్న ఒక చిన్న మసీదుకు అల్లాబకాష్ మౌజన్. అయిదు పూటలా అజాన్ ఇచ్చి నమాజుకు పిలవడం ఆయన పని. మిగతా పొద్దంతా వసారాలో కూర్చుని నర్ది కొయ్యతో చెంచాలు, గరిటెలు చెక్కేవాడు. ఆయన గొంతు తీయనిదేమీ కాదు. ఆ మాటకొస్తే కాస్త బొంగురు కూడా. కాకపోతే పైకి ఎత్తాల్సిన చోట వెనకాముందూ చూసుకోకుండా ఎత్తేసేవాడు. తెల్లవారుజామున ఫజర్ అజాన్‌లో మాత్రమే వచ్చే మాట ఒకటుంది, నిద్ర కంటే నమాజు మేలని. అక్కడికి వచ్చేసరికి ఆయన గొంతు కొండకు తగిలి తిరిగొచ్చేది. పక్క వీధి వరలక్ష్మమ్మ ఆ కేకకే లేచి పాలు పితకడానికి పోయేది. ఆయన నెల్లూరు వెళ్లిన రోజుల్లో ఆమె దూడకు ఆలస్యమయ్యేదని ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లు.

అలాంటి గొంతు పోయిన చలికాలంలో పగలడం మొదలుపెట్టింది. అదీ తెల్లవారుజామున మాత్రమే. మధ్యాహ్నం, సాయంత్రం బాగానే ఉండేది. ఫజర్‌లో సరిగ్గా ఎత్తే చోటుకు రాగానే మైకు గొట్టాల్లోంచి గరగరమని, డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు వచ్చేది. పొద్దున్నే ముసలి గొంతు, పైగా చలి, కఫం కట్టి ఉంటుందన్నారు. బీబీజాన్ మొగుడికి మిరియాల కషాయం పట్టించింది, మెడకు మఫ్లరు చుట్టింది. మఫ్లరు చుట్టుకుని ఇచ్చినా పగిలింది.

మసీదు కమిటీలో కుర్రవాళ్లకు ఓపిక తక్కువ. సీతారామపురం నుంచి, ఖురాను కంఠస్థం చేసిన ఒక హాఫిజ్ వచ్చి ఉన్నాడు, పడుచు గొంతు, అతన్ని పెట్టుకుందామన్నారు. కమిటీ సెక్రటరీ ఆసిఫ్, బట్టల కొట్టు ఆయన, మంచివాడే. ముసలాయన్ను ఊరికే తీసేయడానికి ఒప్పుకోలేదు. ముందు ఆంప్లిఫయరు చూపిద్దాం, దోషం గొంతుదో మిషన్‌దో తేలుతుంది, చూసేది కూడా ఆయన సొంత మేనల్లుడే కదా అన్నాడు. అంతకంటే ధర్మంగా ఎవరు మాట్లాడగలరు? ఆంప్లిఫయరును దుప్పటిలో చుట్టి, మామూను వెంటబెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కాడు.

ఆ రోజు ముబీన్ షాపు గిరాకీతో నిండి ఉంది. అందరూ చూస్తుండగా ఆంప్లిఫయరు మూత విప్పి, లోపలికి ఒక సన్నటి ఈల లాంటి శబ్దం పంపి, అవతలి వైపు ఆసిలోస్కోపు తగిలించాడు. ఆటో అనే బటన్ నొక్కాడు. ఏం చూడాలో, ఎంత దగ్గర్నుంచి చూడాలో ఆ మిషనే నిర్ణయించుకుని తెర మీద ఒక పచ్చటి అల గీసింది. నున్నగా, గుండ్రంగా, ఒకదాని వెంట ఒకటి. వాల్యూము పెంచాడు, అల పెరిగింది కానీ చెడలేదు.

"మిషన్ బంగారం మాదిరి ఉండాది ఆసిఫ్ భాయ్," అన్నాడు ముబీన్.

అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేది! అసలు గొంతు ఏ పూట పగులుతోంది, ఏ నెల నుంచి పగులుతోంది అని ఒక్క మాట అడిగి ఉంటే ఇంకా బాగుండేది. గిరాకీ ముందు షోకు చేసేవాడికి అలాంటి ప్రశ్నలు తోచవు.

"మామూ గొంతు గూడా దీంట్లో కనపడతాదా?" అని అడిగాడు ఆసిఫ్.

ముబీన్‌కు అంతకంటే ఏం కావాలి? మైకు తగిలించి మామూ చేతికిచ్చాడు. అంతమంది కొత్తవాళ్ల ముందు, టీవీల గుట్టల మధ్య నిలబడి అల్లాబకాష్ మొహమాటంగా అజాన్‌లో మొదటి మాట పలికాడు. తెర మీద గుండ్రటి అల మాయమైంది. గజిబిజిగా, ఎత్తుపల్లాలుగా, వాడి మొనలతో కోసులు కోసులుగా ఒక గీత లేచింది. ముబీన్ టక్కున హోల్డ్ బటన్ నొక్కాడు. గీత అలాగే నిలబడిపోయింది.

"ఇదేంది భాయ్, రంపం పళ్ల మాదిరి ఉండాది?" అన్నాడు ఆసిఫ్.

మనిషి గొంతు ఎవరిదైనా అలాగే ఉంటుంది. పాటగాడిదైనా, పసిబిడ్డదైనా, కోయిలదైనా తెర మీద పెడితే కోసులే కనిపిస్తాయి. గుండ్రంగా ఉండేది మిషన్ వేసే ఈల ఒక్కటే. ఈ సంగతి ముబీన్‌కు తెలుసు. కొన్న మొదటి వారంలోనే తన గొంతు, షాపుకొచ్చిన భార్య గొంతు పెట్టి చూసుకున్నాడు. చెప్పాల్సిన మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా. కానీ షాపులో అందరూ నోళ్లు తెరుచుకుని తెర వైపే చూస్తున్నారు. తన మిషన్ ఇంత స్పష్టంగా తీర్పు చెప్పిన రోజు అంతకు ముందు లేదు. ఇప్పుడు కాదంటే ఆ తీర్పు మీద తనే నీళ్లు పోసుకోవాలి.

"ఆంప్లీ ఇచ్చేది గుండ్రంగా ఇస్తుండాది భాయ్. గొంతే ఇట్ట వస్తుండాది. వయసు గదా," అన్నాడు.

అల్లాబకాష్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, పెట్టుకుని, తెర మీదికి వంగాడు.

"ఇది నాదేనా?"

"నీదే మామూ."

ఆయన తల ఊపాడు. టీలు వచ్చాయి. ముబీన్ ఇంకో గిరాకీతో మాటల్లో పడ్డాడు. ఆయన మాత్రం గ్లాసు చేత్తో పట్టుకుని, చల్లారిపోయే దాకా ఆ నిలిచిన గీత వైపే చూస్తూ కూర్చున్నాడు. హోల్డ్ తీసేయాలని కూడా ముబీన్‌కు తోచలేదు.

ఉదయగిరి చేరిన రోజే మామూ తనంతట తానే కమిటీకి చెప్పి తప్పుకున్నాడు. చలి వెనకబడే నాటికి హాఫిజ్ వచ్చాడు. ఎండలు ముదిరాయి, ఫజర్ వేళ ముందుకు జరిగింది, కొత్తాయన గొంతు గంట కొట్టినట్టు మోగింది. చూశారా, మిషన్ ఎంత నిజం చెప్పిందో అనుకున్నారందరూ. పోనీలే, ఇన్నేళ్లుగా తెల్లారకముందే లేస్తున్నాడు, ఇప్పుడైనా కంటినిండా నిద్రపోతాడని ముబీన్ తన మనసుకు సర్దిచెప్పుకున్నాడు. బక్రీదుకు వెళ్లినప్పుడు ఆ సర్దుబాటు కాస్త బీటలిచ్చింది. మామూ మాట నెమ్మదించింది. బిడ్డల్ని కసిరినా గొణిగినట్టే కసురుతున్నాడు.

"బజారు నుంచి వస్తే ఈదిలోంచే నన్ను కేకేసేవోడు," అంది బీబీజాన్, మాంసం ముక్కలు కడుగుతూ. "ఇప్పుడు గొళ్లెం ఆడిస్తుండాడు. ఏంది మనిషీ అంటే, గొంతు బాగలేదు, పది మందీ వింటారు అంటాడు."

ముబీన్ ఆ మాట విననట్టు నటించాడు. నటించడం చేతనైనంత సుఖం ఇంకోటి లేదు, అదీ కొన్నాళ్లే.

మళ్లీ చలికాలం వచ్చింది. ఒక రోజు ఆసిఫ్ ఫోను చేశాడు.

"భాయ్, కొత్తాయన గొంతు గూడా పగులుతుండాది. మామూకి పగిలిన కాడే. పట్టుమని పాతికేండ్లు లేవు ఆ పిల్లోడికి."

 షాపులో ఎవరో ఏదో అడుగుతున్నారు, ముబీన్‌కు వినపడలేదు. బల్ల మీద ఆసిలోస్కోపు వైపు చూశాడు. తర్వాత దాన్ని జేబులో వేసుకుని, షట్టరు దించి, ఉదయగిరి బస్సెక్కాడు. మామూ ఇంటికి పోవడానికి మొహం చెల్లక ఆ రాత్రికి ఆసిఫ్ ఇంట్లోనే పడుకున్నాడు.

ఫజర్‌కు ముందే మసీదుకు చేరి ఆంప్లిఫయరు మూత తీశాడు. ఒక వైరు దానికి లోపల కరెంటు అందే చోట తగిలించాడు, రెండోది గొట్టాలకు శబ్దం పోయే చోట. ఈసారి ఆటో బటన్ జోలికి పోలేదు. కరెంటు ఎప్పుడు పడిపోతే అప్పుడు ఆ క్షణాన్ని పట్టి నిలబెట్టేలా మిషన్‌ను కాపలా పెట్టాడు. హాఫిజ్ చెవుల దగ్గర చేతులు పెట్టుకుని మొదలుపెట్టాడు. తెర మీద పైన కరెంటు గీత తిన్నగా ఉంది, కింద అతని గొంతు కోసులు కోసులుగా, నిండుగా లేస్తోంది. అచ్చం మామూ గొంతు లేచినట్టే.

సగం అజాన్ అయ్యేసరికి బయట చేలల్లో బోరు మోటార్లు ఒకదాని వెంట ఒకటి అందుకున్నాయి. పై గీత కిందికి కుంగింది. హాఫిజ్ గొంతు ఎత్తాడు. తెర మీద అతని గొంతు గీతకు పై కొసలన్నీ కత్తితో కోసినట్టు చదునుగా తెగిపోయాయి. గొట్టాల్లో గరగర మొదలైంది. మిషన్ తనంతట తానే ఆ క్షణాన్ని తెర మీద ఆపేసింది. నెత్తి మీద ఎల్ఈడీ బల్బు మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉంది.

తెల్లవారాక లైన్‌మన్ పెంచలనరసయ్యను పిలిపించారు. అతనికి ఇందులో వింతేమీ కనిపించలేదు.

"ఈ ట్రాన్స్‌ఫార్మర్ మీద కొత్త బోర్లు పడినాయి గదా పోయినేడు. అన్నిటికీ ఆటో స్టార్టర్లే. పొద్దున్నే త్రీఫేజు ఇస్తానే అన్నీ ఒక్కసారిగా లేస్తాయి, ఓల్టేజీ పడిపోతాది. ఎండాకాలం మీ అజాన్ ముందరే అయిపోతాది, చలికాలం దానికీ దీనికీ ఒకటే టైము. పాత బల్బులుంటే గుడ్డివైపోయేటివి, మీకే తెలిసేది. ఈ ఎల్ఈడీలకేం తెలుస్తాది?" అని, నవ్వి, "ఒక స్టెబిలైజరు పెట్టుకుంటే సరి. దీనికింత పంచాయతీ ఏంది?" అన్నాడు.

నిరుడు ఆ ఆంప్లిఫయరును ఆత్మకూరులో చూడకుండా తనే ఇక్కడికి వచ్చి ఉంటే ఒక్క ఉదయంలో తేలిపోయేది. పట్టుకుపోవడానికే చేసిన మిషన్‌ను పెళ్లికూతురిలా బల్ల మీద కూర్చోబెట్టి, రోగం ఉన్న చోటిని వదిలేసి ఆరోగ్యంగా ఉన్న కరెంటు మీద పరీక్ష చేశాడు. పొరపాటు అనుకుంటే ముబీన్‌కు కాస్త ఊపిరి ఆడేది. కానీ ఆ రోజు షాపులో మింగిన మాట పొరపాటు కాదు. 

మామూ వసారాలో గరిటె చెక్కుతున్నాడు. ముబీన్ ఎదురుగా కింద కూర్చున్నాడు. దాచిన బొమ్మ చూపించాడు, మోటార్ల సంగతి చెప్పాడు. తర్వాత ఆగి, ఆయన చేతిలోని గరిటె వైపే చూస్తూ చెప్పాడు.

"ఆ పొద్దు నీకు చూపించినానే, ఆ కోసులు, అది దోషం కాదు మామూ. ఎవురి గొంతైనా అట్టనే ఉంటాది. నాదీ అట్టనే ఉంటాది. నాకు తెలుసు. తెలిసి గూడా చెప్పలేదు."

తిడతాడనుకున్నాడు. చేతిలో ఉన్నది విసిరికొట్టినా బాగుండుననుకున్నాడు. అల్లాబకాష్ చెక్కుడు పొట్టు ఊదుకున్నాడు.

"అయితే ఆ పిల్లోడిది గూడా తప్పు లేదన్నమాట," అన్నాడు. "పాపం, రెండు రోజులుగా అన్నం తినలేదంట. పోయి ఆ మాట వాడికి చెప్పు ముందు."

"చెప్పినాం మామూ. నువ్వు రా. జొహర్ అజాన్ నువ్వే ఇయ్యాలని అందరూ అంటుండారు. ఆ హాఫిజే అడగమన్నాడు. మధ్యాన్నం మోటార్ల గోల గూడా ఉండదు. నువ్వు ఒక్కసారి ఎత్తితే ఊరంతా వింటాది."

ఆయన గరిటె కింద పెట్టి సరేనన్నాడు. లేచి, బీబీజాన్ వింటోందేమోనని లోపలికి తొంగిచూసి, గొంతు తగ్గించి, "మీ ముమానీకి మాత్రం చెప్పబాక. అయినాక చెప్దాం," అన్నాడు. కొత్త పెళ్లికొడుకులా గడ్డం దువ్వుకున్నాడు. అది చూసి ముబీన్‌కు ప్రాణం లేచొచ్చింది. అంతా సర్దుకుంటుందని నిజంగానే నమ్మాడు.

మసీదులో ఆసిఫ్ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. హాఫిజ్ మైకు ఎత్తు సరిచేసి పక్కకు తప్పుకున్నాడు. కరెంటు నిలకడగా ఉంది, ముబీన్ ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. మామూ చెవుల దగ్గర చేతులు పెట్టుకున్నాడు, కళ్లు మూసుకున్నాడు.

మొదటి మాట మెల్లగా వచ్చింది. వేడెక్కుతోందిలే అనుకున్నాడు ముబీన్. రెండోసారీ అంతే మెల్లగా వచ్చింది. ఎత్తాల్సిన చోటు దగ్గరికి వచ్చేసరికి మామూ మెడలో నరం బిగుసుకుంది, గొంతు పైకి పోబోయి ఆగింది, అక్కడే కిందికి దిగిపోయింది. తడి బండల మీద నడిచే ముసలివాడు అడుగు తీసి అడుగు వేసినట్టు, మాట మాటకూ ముందు తడిమి చూసుకుని పలికాడు. ఎక్కడా పగల్లేదు, బొంగురు పోలేదు, తడబడలేదు. సన్నగా, శుభ్రంగా, ఎవరింట్లోనో నిద్రపోతున్న వాళ్లను లేపకూడదన్నట్టు సాగి అయిపోయింది. కొండ దాకా కాదు కదా, వీధి చివరి దాకా పోయి ఉంటుందో లేదో. మైకు ఉంది కాబట్టి వినిపించింది.

"మాషా అల్లా," అన్నారు అందరూ. ఆసిఫ్ మాత్రం ముబీన్ వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

నమాజు అయ్యాక ఇద్దరూ ఇంటికి నడిచారు. మామూ మొహం వెలిగిపోతోంది. నాలుగడుగులు వేశాక మేనల్లుడి భుజం మీద చెయ్యి వేసి అడిగాడు.

"పగలకుండా ఇచ్చినా గదరా?"

"యాడా పగల్లేదు మామూ," అన్నాడు ముబీన్. అది అబద్ధం కాదు. అబద్ధమైతే అంత కష్టపడి చెప్పాల్సి వచ్చేది కాదు.

ఇంట్లో బీబీజాన్ పళ్లేలు పెట్టి కూర్చుని ఉంది. పెళ్లయినప్పటి నుంచి రోజుకు అయిదుసార్లు ఆ గొంతు వింటూ వంట చేసిన మనిషి. ముబీన్‌ను చూసి, ఎప్పుడొచ్చినావురా అని నాలుగు తిట్లు తిట్టి అన్నం వడ్డించింది. వడ్డిస్తూ మొగుణ్ణి అడిగింది.

"ఈ పొద్దు జొహర్ ఎవురు ఇచ్చినారు? ఆ పిల్లోడు ఊర్లో లేడా? ఎవురో పాపం, బయపడతా ఇచ్చినాడు."

అల్లాబకాష్ చెయ్యి పళ్లెం మీద ఆగింది. 

"ఎవురో కొత్తాయన," అన్నాడు మామూ, మెల్లగా. "కూర ఇటు జరుపు."

బీబీజాన్ కూర గిన్నె జరిపింది.